పాత పెద్ద బండి, మా ఇంటి లెక్కల పుస్తకం

ఏ వస్తువుకైనా రెండు ధరలుంటాయి. కొన్న ధర ఒకటి, ఉంచుకునే ధర ఒకటి. పట్టుచీర కొంటే దానికి డ్రై క్లీనింగ్, ఫాల్, బీరువాలో చోటు. ఏసీ కొంటే కరెంటు బిల్లు, ఏడాదికోసారి సర్వీసింగు. బండి దగ్గరికొచ్చేసరికి ఆ రెండో ధర గురించి అమ్మేవాడు చెప్పడు, కొనే ఉత్సాహంలో ఉన్నవాడు అడగడు. ఇంట్లో లెక్కలు రాసే మనకే అది ఏదో ఒక రోజు తెలుస్తుంది. మాకు పత్తి ఏరే రోజుల్లో తెలిసింది. ఆ సంగతే ఈసారి రాస్తున్నాను. ఇంటి ముందు పాత బండి ఉన్న వాళ్ళకి ఎవరికైనా పనికొస్తుందేమో అని.

మాది చిట్యాల. 2016 అక్టోబర్ ముందు వరంగల్ జిల్లా, ఆ తర్వాత జయశంకర్ భూపాలపల్లి జిల్లా. మా ఆయనకు ఎరువులు, పురుగు మందుల దుకాణం ఉంది. పత్తి, మిర్చి, వరి వేసే రైతులతోనే మా బతుకు. వానాకాలంలో ఉద్దెర ఇవ్వడం, పంట అమ్మినంక వసూలు చేసుకోవడం. అంటే ఏడాదిలో ఆరు నెలలు మా డబ్బు ఊళ్ళోనే ఉంటుంది గానీ మా చేతిలో ఉండదు.

ఇలాంటి ఇంటి ముందు ఒక విదేశీ కంపెనీ ఎస్‌యూవీ ఏంటి అని మీకు అనిపించొచ్చు. ఊళ్ళో కూడా చాలామందికి అనిపించింది. కంపెనీ పేరు రాయను, దాని అవసరం లేదు. 2011 మోడల్, డీజిల్, ఆటోమేటిక్ గేర్లు. కొత్తలో యాభై లక్షల పైమాట. 2020లో మేము హైదరాబాద్‌లో 9 లక్షలకు కొన్నాం. ఆ డబ్బుకు కొత్త చిన్న కారు వచ్చేది. నేను ఆ మాట అన్నాను కూడా. మా ఆయన విన్నాడు, నవ్వాడు, పెద్ద బండే తెచ్చాడు.

నాలుగేళ్ళు అది మర్యాదగానే తిరిగింది. మేడారం జాతరకు తీసుకెళ్ళింది, మా ఆడపడుచు కూతురు పెళ్ళికి పెళ్ళికూతురి బండి అయింది. మా అత్తమ్మకు మోకాళ్ళ నొప్పులు. ఆ బండి ఎత్తు ఎక్కువ కాబట్టి ఆమె ఎక్కడానికి ఒక చెక్కపీట డిక్కీలో ఎప్పుడూ ఉండేది. పీట మీద కాలు పెట్టి, "లక్షల బండికి వంద రూపాల మెట్టు" అని నవ్వేది.

2024 డిసెంబర్‌లో హన్మకొండలో అత్తమ్మను మోకాళ్ళ డాక్టరుకు చూపించి తిరిగి వస్తున్నాం. పరకాల దాటాక బండి ఒక్కసారి వెనక నుంచి ఎవరో తన్నినట్టు కుదిపింది. ఎదుట తెర మీద గేర్ బాక్సులో లోపం అని ఎర్రగా వచ్చింది. మా ఆయన పక్కకు తీసి, ఇంజిన్ ఆపి, మళ్ళీ స్టార్ట్ చేశాడు. ఒక రెండు కిలోమీటర్లు పోయింది. తర్వాత యాక్సిలేటర్ తొక్కితే ఇంజిన్ అరుస్తుంది గానీ బండి అడుగు కదలదు. మసక చీకటి, పక్కనుంచి పత్తి బస్తాల ట్రాక్టర్లు, వెనక సీట్లో అత్తమ్మ, డిక్కీలో పీట.

మన దగ్గర బండి ఆగితే మనుషులు ఆగకుండా పోరు. ఐదు నిమిషాల్లో నలుగురు వచ్చారు. అందులో ఒకాయన ట్రాక్టర్ గొలుసు తీసి, "అన్నా, కట్టేస్తే అర్ధగంటల చిట్యాల" అన్నాడు. మా ఆయన కూడా తలూపాడు. నాకెందుకో మనసొప్పక హైదరాబాద్‌లో డ్రైవర్‌గా ఉన్న మా పిన్ని కొడుక్కు ఫోన్ కలిపాను. వాడు గట్టిగా అరిచినంత పని చేశాడు. "అక్కా, గొలుసు కట్టనియ్యకు! బావకు ఫోనియ్యి. ఆటోమేటిక్ బండిని చక్రాల మీద గుంజొద్దు."

కారణం తర్వాత అర్థమైంది. ఆటోమేటిక్ గేర్ బాక్సులో ఆయిల్‌ను తిప్పే పంపు ఇంజిన్ నడిస్తేనే నడుస్తుంది. ఇంజిన్ ఆపి బండిని లాగితే చక్రాలతో పాటు లోపలి భాగాలు తిరుగుతుంటాయి, వాటికి ఆయిల్ అందదు. ఆయిల్ లేకుండా రాపిడికి అవి కాలిపోతాయి. నాలుగు చక్రాలకూ శక్తి వెళ్ళే బండి అయితే ముందు రెండు చక్రాలు ఎత్తి లాగినా లాభం లేదు, మొత్తం బండిని లారీ మీదకు ఎక్కించాల్సిందే. ఆ రాత్రి అర్ధగంట ప్రయాణం చేసి ఉంటే చిన్న రోగం పెద్ద రోగం అయ్యేది. ట్రాక్టర్ ఆయన పాపం మంచి మనసుతోనే అడిగాడు, కాబట్టి దండం పెట్టి పంపించాం. అత్తమ్మను, నన్ను తెలిసిన వాళ్ళ ఆటోలో ఇంటికి పంపించి, మా ఆయన రాత్రి పదకొండు దాకా రోడ్డు మీదే ఉన్నాడు. హన్మకొండ నుంచి బండ్లు మోసే లారీ వచ్చింది. కిరాయి 4,500.

హన్మకొండ మెకానిక్ నిజాయితీపరుడు. "సార్, గేర్లున్న బండి అయితే నేను ఇప్పుతా. దీన్ని నేను ముట్టుకోను" అన్నాడు. దాంతో మళ్ళీ లారీ, 18,000 పెట్టి హైదరాబాద్‌లో కంపెనీ సర్వీస్ సెంటర్‌కు. అక్కడ కంప్యూటర్ తగిలించి చూశారు. పరీక్ష ఫీజు 6,500. రెండు రోజుల తర్వాత ఎస్టిమేట్ మా ఆయన వాట్సాప్‌కు వచ్చింది. గేర్ బాక్స్ మొత్తం మార్చాలి. జీఎస్టీతో కలిపి 7,40,000.

ఆ అంకె చూసి మా ఆయన ఫోన్ బోర్లా పెట్టాడు. ఆ రాత్రి అన్నం తినలేదు. నడుస్తున్న స్థితిలో ఉంటే ఆ బండికి 5 లక్షలు వస్తాయేమో. నడవని బండిని 1,60,000కు తీసుకుంటానని ఒకాయన అప్పటికే ఫోన్ చేశాడు. 5 లక్షల బండికి 7 లక్షల రిపేరు! "కోడి కన్న మసాల పిరమైంది" అంది అత్తమ్మ. ఇన్సూరెన్స్ ఉంది కదా అని మా అమ్మాయి అడిగింది. మామూలు పాలసీ యాక్సిడెంట్‌కు, దొంగతనానికి, వరదకు పనికొస్తుంది. భాగాలు అరిగిపోయి ఆగితే అందులో పైసా రాదు.

ఇంట్లో అందరికీ తెలిసిన ఇంకో డబ్బు ఉంది. నేను ఇరవై నెలలుగా కడుతున్న చీటీ. జనవరిలో నా వంతు, 3 లక్షలు. అది మా అమ్మాయి ఇంజనీరింగ్ కోసం. ఇంటర్ రెండో ఏడాది చదువుతోంది. ఎవరూ ఆ చీటీ పేరెత్తలేదు. కానీ మా ఆయన రెండు రోజులు నా ముఖం వైపు చూడకుండా తిరిగాడంటే ఆయన మనసులో ఆ చీటీ ఉందని నాకు తెలుసు. పెళ్ళయి ఇరవై ఏళ్ళు. ఆ మాత్రం తెలియదా!

మూడో రాత్రి నేనే అడిగాను. "అమ్మేద్దామా?"

"అమ్మేద్దాం తియ్" అన్నాడు వెంటనే. అంత వెంటనే అన్నాడంటే అమ్మాలని లేదన్నమాట.

"అసలు ఆ బండే ఎందుకు కొన్నరు? ఇప్పుడన్న చెప్పుండ్రి" అన్నాను.

చాలాసేపటికి చెప్పాడు. పెళ్ళికి ముందు ఆయన హైదరాబాద్‌లో ఒక కాంట్రాక్టర్ దగ్గర డ్రైవర్‌గా చేశాడు. అది నాకు తెలుసు. తెలియనిది ఏమిటంటే, ఆ మూడేళ్ళలో ఆయన ఆ బండి వెనక సీట్లో ఒక్కసారి కూడా కూర్చోలేదట. టిఫిన్ డబ్బా బండిలో తెరవొద్దు, వాసనొస్తుంది అని చెప్పారట. వానొచ్చినా బయట చెట్టు కింద నిలబడి తినేవాడట. "వాళ్ళు చెడ్డోళ్ళు కాదు. జీతం టైముకే ఇచ్చిండ్రు. కాని మా అమ్మను ఒక్కసారన్న అసొంటి బండిల వెనుక సీట్ల కూసోబెట్టాలె అనుకున్న. కూసోబెట్టిన. ఇగ సాలు" అన్నాడు.

నాకు ఏం మాట్లాడాలో తోచలేదు. దుబారా అని నేను లెక్కల పుస్తకంలో రాసుకున్న ఖర్చుకు ఆయన లోపల ఇంకో పేరు ఉంది. అయినా ఆ పేరు తెలిసినంత మాత్రాన చీటీ డబ్బు తీసి ఇవ్వలేం కదా. ఒక మనిషి ఆశ ఒకవైపు, ఒక పిల్ల చదువు ఒకవైపు. ఇలాంటప్పుడు ఏడవడం కన్నా కాగితం, పెన్ను తీసుకోవడం మేలు అని నా అనుభవం.

ముందు ఆ గేర్ బాక్స్ అంటే ఏమిటో తెలుసుకుందామని కూర్చున్నాను. మా అమ్మాయి యూట్యూబ్ వీడియోలు చూపించింది, నా తమ్ముడు ఫోన్‌లో విడమరిచి చెప్పాడు. నాకు అర్థమైనంత మీకూ చెప్తాను. రెండు టేబుల్ ఫ్యాన్లు ఎదురెదురుగా పెట్టి ఒకటి వేస్తే, ఆ గాలికి రెండోది కూడా తిరుగుతుంది కదా. ఆటోమేటిక్ బండిలో ఇంజిన్‌కూ గేర్లకూ మధ్య ఇలాంటి ఏర్పాటే ఉంటుంది, గాలికి బదులు ఆయిల్. దాన్ని టార్క్ కన్వర్టర్ అంటారు. ఏ గేరు పడాలో ఆ దారిలోకి ఆయిల్‌ను ఒత్తిడితో పంపేది వాల్వ్ బాడీ. సన్న సన్న కాలువలున్న ఒక లోహపు పలక. ఆ కాలువలకు తూములు సోలనాయిడ్లు. వాటికి ఎప్పుడు తెరుచుకోవాలో చెప్పేది కంప్యూటర్. మన పొలాల్లో నీళ్ళు కట్టడం లాంటిదే. తూము ఇరుక్కుంటే మడి ఎండుతుంది. అలాగని పొలం మొత్తం మార్చుకోం కదా!

ఇంకొక సంగతి. చాలా కంపెనీలు ఆటోమేటిక్ గేర్ బాక్స్ ఆయిల్ జీవితాంతం మార్చక్కర్లేదు అని చెప్పాయి. కానీ గేర్ బాక్సులు తయారుచేసే జర్మనీ సంస్థ జెడ్‌ఎఫ్, 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్ల మధ్య గానీ, ఎనిమిదేళ్ళకు గానీ ఆయిల్ మార్చుకోమని చెబుతుంది. మా బండి అప్పటికి 1,46,000 తిరిగింది. మా చేతికి వచ్చినప్పుడు ఇచ్చిన సర్వీసు కాగితాల్లో ఇంజిన్ ఆయిల్ పద్నాలుగుసార్లు మార్చినట్టు ఉంది. గేర్ బాక్స్ ఆయిల్ ఒక్కసారి కూడా లేదు.

కాగితం మీద నాలుగు దారులు రాశాను. కంపెనీలో కొత్తది వేయించడం, 7,40,000. పాత బండ్లు విప్పే చోట దొరికే సెకండ్ హ్యాండ్ గేర్ బాక్స్ వేయించడం, రెండున్నర లక్షలు అన్నారు, గ్యారంటీ లేదు, దాని ఆయిల్ ఎవరు ఎప్పుడు మార్చారో కూడా తెలియదు. ఉన్నదున్నట్టు అమ్మడం, 1,60,000 చేతికొస్తుంది. నాలుగోది, గేర్ బాక్సులే బాగుచేసే షెడ్‌లో విప్పించి, చెడింది ఏదో చూసి, అదొక్కటే మార్చడం. దాని ధర విప్పితే గానీ తెలియదు.

నేను మా ఆయనకు మూడు మాటలు చెప్పాను. చీటీ ముట్టుకోవద్దు. విప్పి చూశాక రిపేరు 1,50,000 దాటితే ఇంకో మాట లేకుండా అక్కడినుంచి అక్కడికే అమ్మేద్దాం. బాగైతే మాత్రం నెలనెలా 4,000 ఈ బండి పేరున పోస్టాఫీసులో వేయాలి. ఆయన మూడింటికీ సరే అన్నాడు. అత్తమ్మ మంచం మీది నుంచే, "నా మోకాళ్ళ పేరు జెప్పి బండి ఉంచకుండ్రి. నాకు ఆర్టీసీ బస్సు ఫిరీ. ఆధార్ కార్డు జూపిస్తే జాలు" అంది. ఆ బస్సు మెట్లు ఎక్కలేకనే కదా బండిలో తిప్పుతున్నది! అయినా ఆమె మాట మా ఆయన భుజం మీది బరువు కొంత దించింది.

షెడ్‌కు నేను కూడా వెళ్ళాను. హైదరాబాద్‌లో మా తమ్ముడికి తెలిసిన చోటు. ఇంకో 3,000 లారీ కిరాయి. అక్కడ అందరూ ఉస్తాద్ అని పిలిచే అరవై ఏళ్ళ పెద్దాయన. మమ్మల్ని చూసి స్టూల్ వేయించి, చాయ్ తెప్పించాడు. బండిని పైకెత్తి, కింద ఉన్న ఆయిల్ పళ్ళెం విప్పాడు. ఉండాల్సినంత ఆయిల్ లేదు. వచ్చింది నల్లగా, మాడిన వాసన. నా గుండె జారింది.

"ఆగుండ్రమ్మా, అసలు ముచ్చట ఇప్పుడు జూడాలె" అన్నాడు. పళ్ళెం అడుగున చిన్న చిన్న అయస్కాంతాలున్నాయి. వాటికి బూడిద రంగు ముద్ద అంటుకుని ఉంది. దాన్ని రెండు వేళ్ళ మధ్య తీసుకుని, మనం పసుపు మెత్తగా నూరిందో లేదో చూసినట్టు రుద్దాడు. నా చేతిలోనూ కొంచెం పెట్టాడు. మెత్తగా ఉంది, గరుకు లేదు. "ఇది అరుగుదల. ఇన్నేండ్ల బండికి ఉంటది. పలుకులు వస్తే, మెరిసే ముక్కలు వస్తే లోపల గేర్లు, బేరింగులు పోయినట్టు. మీకు పలుకు లేదు. అల్లా దయ."

ఆయిల్ ఎక్కడికి పోయిందో కూడా చూపించాడు. వైర్లు లోపలికి వెళ్ళేచోట ఒక ప్లాస్టిక్ తొడుగు, దానికి రబ్బరు వలయాలు. ఏళ్ళ వేడికి ఆ రబ్బరు గట్టిపడి, చుక్క చుక్కగా కారిపోయింది. ఆ గేర్ బాక్స్‌లో ఆయిల్ మట్టం చూసే పుల్ల ఉండదు. బండిని ఎత్తి, ఆయిల్ నిర్ణీత వేడిలో ఉన్నప్పుడు బిరడా విప్పి చూడాలి. అంటే ఇంట్లో ఎవరికీ తెలిసే అవకాశం లేదు. ఆయిల్ తగ్గి, మిగిలింది వేడెక్కి, సోలనాయిడ్లు రెండు ఇరుక్కుపోయి, కంప్యూటర్ మిగతా భాగాలను కాపాడుకోవడానికి ఒకే గేరులో బిగించేసింది. ఆ తర్వాత ఒత్తిడే చాలక ఆగిపోయింది.

ఎస్టిమేట్ కాగితం మీద రాయించుకున్నాను. వాల్వ్ బాడీ బాగుచేసి సోలనాయిడ్లు మార్చడానికి 82,000. ఆయిల్, ఫిల్టర్, రబ్బరు సీళ్ళు 31,000. కూలి 25,000. మొత్తం 1,38,000. తీసిన పాత భాగాలు మాకు ఇవ్వాలని, ఆరు నెలల గ్యారంటీ బిల్లు మీదే రాయాలని అడిగాను. ఉస్తాద్ పక్కనున్న కుర్రాడు విసుక్కున్నాడు గానీ ఆయన మాత్రం, "అడగాలె. అడిగినోళ్ళకే పని మంచిగ జేస్తం" అని నవ్వాడు.

లారీలు, పరీక్ష ఫీజుతో కలిపితే మొత్తం 1,70,000. అది ఎక్కడినుంచి వచ్చిందో చెప్పాలి, అసలు కష్టం అక్కడే. దుకాణంలో కొత్త ర్యాకులకు పక్కన పెట్టిన 60,000 వాడాం. మిగతా 1,10,000 కోసం మా ఆయన ఉద్దెర పుస్తకం చంకన పెట్టుకుని, పత్తి అమ్మిన రైతుల ఇళ్ళకు పొద్దున ఆరింటికే బయలుదేరేవాడు. వాళ్ళు ఇవ్వాల్సిన డబ్బే అయినా ఒకరి గడప ముందు నిలబడి అడగడం ఆయనకు చావుతో సమానం. పద్దెనిమిది రోజులు తిరిగాడు. పత్తి రేటు రాని ఇద్దరిని అడగకుండానే తిరిగి వచ్చాడట. అది నాకు ఆలస్యంగా తెలిసింది, నేనేమీ అనలేదు.

బండి ఇరవై రెండు రోజులకు వచ్చింది. గేర్లు వెన్నలో కత్తి దిగినట్టు పడుతున్నాయి. చీటీ డబ్బు జనవరిలో వచ్చిన రోజే మా అమ్మాయి పేరున డిపాజిట్ చేశాం. 2026లో బండికి పదిహేనేళ్ళు. అప్పుడు మళ్ళీ ఫిట్‌నెస్ పరీక్ష, రిజిస్ట్రేషన్ రెన్యువల్, గ్రీన్ టాక్స్. అప్పుడు ఉంచాలా అమ్మాలా అనేది పోస్టాఫీసు పాస్‌బుక్ చూసి తేల్చుకుందాం అనుకున్నాం.

మీ ఇంట్లో పాత ఆటోమేటిక్ బండి ఉంటే ఈ రోజే సర్వీసు కాగితాలు తీయండి. గేర్ బాక్స్ ఆయిల్ చివరిసారి ఎప్పుడు మార్చారో చూడండి. పొద్దున రివర్స్ వేసినప్పుడు కుదుపు వచ్చినా, బండి నిలిపిన చోట ఎర్రటి లేదా నల్లటి జిడ్డు మరక కనిపించినా చూపించండి. దారిలో ఆగితే గొలుసు కట్టనివ్వకండి. ఇన్సూరెన్స్‌లో రోడ్డు మీద సాయం అనే అదనపు కవర్ కొన్ని వందలకే వస్తుంది, తీసుకోండి. పెద్ద అంకె చెప్పగానే ఒప్పుకోకుండా, విప్పి చూపించమని అడగండి, రాసి ఇవ్వమనండి. మోసం జరిగిందనిపిస్తే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 ఉంది. మీ బండి కాగితాల్లో ఆ తేదీ కనిపిస్తే కామెంటులో చెప్పండి.

మొన్న అత్తమ్మను మళ్ళీ హన్మకొండ తీసుకెళ్ళాం. దారిలో నేను టిఫిన్ డబ్బా తెరిచాను. చింతపండు పులిహోర, బండంతా వాసన. మా ఆయన పరకాల దాటాక పక్కకు ఆపి, వెనక సీట్లోకి వచ్చి అత్తమ్మ పక్కన కూర్చుని తిన్నాడు.